అడిగింది ఐదూళ్ళే

ఎమ్మిగనూరుకు పడమటి దిక్కున ఒక పల్లె. ఆ మధ్య జాతరకు నాటకం పెట్టించాలని ఊరి పెద్దమనుషులు అనుకున్నారు. మైకుకు, బందోబస్తుకు అనుమతి కావాలి కాబట్టి అర్జీ తీసుకుని పోయారు. అర్జీ రాసింది నేనే గనక నేనూ వెంట పోయాను. అందులో 'కురుక్షేత్రం' అని ఉంది. చదివిన అధికారి మంచి మనిషే. అందరినీ కూర్చోబెట్టి, గొంతు పెంచకుండా చెప్పాడు. "హరిశ్చంద్ర ఆడించుకోండి, బాలనాగమ్మ ఆడించుకోండి. ఇది మాత్రం వద్దు. మీ ఊళ్ళో అసలే రెండు పార్టీలు. అన్నదమ్ములు కొట్టుకుని చచ్చే కథ రాత్రంతా చూపిస్తే తెల్లారి మీరు మొదలుపెడతారు."

మావాళ్ళు మారుమాట ఆడలేదు. పేరు కొట్టేసి, హరిశ్చంద్ర అని దిద్ది, సంతకం చేయించుకుని బయటికొచ్చారు. తిరుగు బస్సులో ఒక పెద్దాయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక్క మాట అన్నాడు. "మనం చూసేది కొట్లాట అనుకుంటాండాడప్పా ఆ సారు."

ఆ పెద్దాయన మాట నన్ను వదలలేదు. ఆయన బస్సులో అని ఊరుకున్నదాన్ని పూర్తిగా వాదించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అధికారిని తప్పు పట్టను. ఆయన అన్నది ఆయన కనిపెట్టిన సిద్ధాంతం కాదు. రాయలసీమవాళ్ళకు పోరంటే మోజు, పాలెగాళ్ళ నెత్తురు ఇంకా చల్లారలేదు, అందుకే తమలో తాము కొట్టుకున్న కథలు వందల ఏళ్ళైనా వదలరు, ఆ కథలే మళ్ళీ కక్షలను పెంచుతాయి. ఈ మాట పత్రికల్లో చదివాం, టీవీల్లో విన్నాం. దసరా మర్నాడు దేవరగట్టు కర్రల ఉత్సవం దృశ్యాలు చూపించేటప్పుడు వెనకనుంచి వినిపించే వ్యాఖ్యానమంతా ఇదే. ఆదోని మీదున్న కొండ పేరు రణమండల అని చెప్పి, చూశారా పేరులోనే రణం ఉంది అన్నవాళ్ళనూ నేను ఎరుగుదును. ఆ కొండ మీద వెలసిన దేవుడు ఆంజనేయుడు. యుద్ధానికి ముందు శత్రువు సభలో నిలబడి, సీతమ్మను పంపించు, ఇంతటితో పోతుంది అని చెప్పి చూసిన దూత. కొండ పేరు చెప్పేవాళ్ళు కొండ మీది దేవుణ్ణి చెప్పరు.

అన్నిటికంటే బాధ కలిగించేది, ఈ సిద్ధాంతాన్ని మన పిల్లలే నమ్మడం. హైదరాబాదు హాస్టళ్ళలో కర్నూలు అనగానే పక్కవాడు భయపడినట్టు నటిస్తే, మనవాడు అది గొప్ప అనుకుని మీసం తిప్పుతాడు. తన తాత రాత్రంతా మేలుకుని ఏం చూశాడో, ఏ చోట కళ్ళు తుడుచుకున్నాడో వాడికి తెలియదు.

నాకు తెలుసు, పక్కన కూర్చుని చూశాను కాబట్టి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర పుష్యమాసపు చలిలో వస్తుంది. మా నాయన మగ్గం నేసేవాడు. మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం వల్ల ఊళ్ళో చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగిన కాలం అది. జాతరనాడు మగ్గం దిగి, ఒక కంబళి, ఒక చాప, సంకన నన్ను పెట్టుకుని నాటకానికి పోయేవాడు. పిల్లలందరం యుద్ధం కోసం కాచుకునేవాళ్ళం. గదలు ఎప్పుడొస్తాయి, భీముడు ఎప్పుడొస్తాడు అని. యుద్ధం వచ్చేది తెల్లవారుజామున. అప్పటికి మేం నిద్రపోయి ఉండేవాళ్ళం. ఆశ్చర్యం ఏమంటే అప్పటికి పెద్దవాళ్ళలోనూ సగంమంది ఉండేవాళ్ళు కాదు. చాపలు చుట్టుకుని ఇంటిదారి పట్టేవాళ్ళు. వాళ్ళకు కావలసింది అయిపోయి ఉండేది.

వాళ్ళకు కావలసింది రాయబారం. కృష్ణుడు పడక మీద ఉన్నప్పటినుంచి, కౌరవసభలో లేచి నిలబడే దాకా. హార్మోనియం పెట్టె ఎత్తుకున్న రాగం తగ్గనిచ్చేవాళ్ళు కాదు. ఒన్స్‌మోర్ అని ఒకరు, ఇంకొకసారి స్వామీ అని ఇంకొకరు. రాయబారం పద్యాలకు చదివింపులు పడేవి. ఐదు రూపాయలు, పది రూపాయలు, పేరు మైకులో చెప్పించుకుని. ఒకే పద్యం మూడుసార్లు పాడించిన రాత్రులు నాకు గుర్తున్నాయి. దుర్యోధనుడి తొడ విరగ్గొట్టే ఘట్టాన్ని మళ్ళీ చేయమని అడిగిన మనిషిని ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు. మొత్తం కథ ఆడించే స్తోమత లేని ఊళ్ళు 'శ్రీకృష్ణ రాయబారం' ఒక్కటే ఆడించుకుని తృప్తిపడ్డాయి. యుద్ధం లేకుండా రాయబారం ఆడించిన ఊళ్ళు తెలుగునాట లెక్కలేనన్ని. రాయబారం తీసేసి యుద్ధం ఒక్కటే ఆడించిన ఊరు పేరు చెప్పమనండి.

మర్నాడు మగ్గం గుంతలో కూర్చుని మా నాయన ఎదురింటి వాళ్ళతో మాట్లాడిన మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. "మొదుట సగం రాజ్జెం అడిగిరి. ఈలేదు. తగ్గిరి. ఐదూళ్ళన్నా ఇయ్యప్పా అనిరి. ఇంగ తగ్గేకి ఏముండాది? ఆ ఐదూళ్ళు ఇచ్చింటే అయిపోతుండె గదా!" ఎదురింటాయన కండె చుట్టుకుంటూ, "అవును, ఐదూళ్ళే," అనేవాడు. ప్రతి ఏడూ ఇదే మాట. కథ తెలియక కాదు. ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా వాళ్ళకు తెగేది కాదు. అంత పెద్ద చావుకు ఇంత చిన్న కారణమా అన్నది వాళ్ళకు కొరుకుడు పడేది కాదు.

నా వాదమంతా ఆ లెక్కలోనే ఉంది. తమలో తాము చేసుకున్న యుద్ధం దగ్గరికి మన జనం మళ్ళీ మళ్ళీ పోయేది నెత్తురు చూడటానికి కాదు. అడిగింది ఎంత చిన్నదో చూసుకోవడానికి పోతారు. ఎక్కడ ఆగి ఉండేదో ఆ చోటును వేలుపెట్టి తాకడానికి పోతారు. పరాయివాడితో యుద్ధంలో ఈ చోటు ఉండదు. వాడు వస్తాడు, మనం అడ్డుకుంటాం, గెలుస్తాం లేదా ఓడతాం. దాయాదుల యుద్ధంలో మాత్రం ప్రతిసారీ ఒక గుమ్మం ఉంటుంది. ఆ గుమ్మం దగ్గర ఎవరో నిలబడి ఏదో కొంచెం అడిగి ఉంటారు. ఇచ్చి ఉంటే పోయేది.

ఈ ప్రాంతంలో సంసారం చేసినవాళ్ళకు ఇది పురాణం కాదు. పాళ్ళు పంచుకునే రోజున ఏ ఇంట్లోనైనా చూడండి. పదెకరాల మెరకచేను సామరస్యంగానే పంచుకుంటారు. గెనిమ మీదున్న ఒక్క వేపచెట్టు దగ్గర మాట పెరుగుతుంది. ఆ చెట్టు ఖరీదుకు ఇరవై రెట్లు వకీళ్ళకు పోసి, ఆదోని కోర్టు మెట్లు ఎక్కి దిగి, చివరికి ఒకరి చావుకు ఒకరు పోని అన్నదమ్ములు నాకు తెలుసు. వాళ్ళూ రాయబారం చూడటానికి వస్తారు, చెరొక మూల కూర్చుంటారు. కృష్ణుడు ఐదూళ్ళని అన్నప్పుడు ఆ ఇద్దరి మొహాలు చూసిన ఎవరైనా ఈ నాటకం కక్ష పెంచుతుందని అనగలరా?

ఉద్యోగపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన సంగతి ఇక్కడ చెప్పాలి. నెల్లూరు రాజు మనుమసిద్ధిని దాయాదులే గద్దె దింపి తరిమితే, ఓరుగల్లుకు పోయి గణపతిదేవుడి సాయం అడిగినవాడు తిక్కన అని మన సాహిత్య చరిత్ర చెబుతుంది. అంటే ఆ ఘట్టాన్ని రాసిన చెయ్యి ఒక రాయబారి చెయ్యి. పరాయి సభలో నిలబడి, తనకు కావలసింది అడిగి, ఎదుటివాడి మొహంలో జవాబు కోసం వెతకడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి. తెలుగువాళ్ళకు రాయబారం ఇంతగా పట్టడానికి ఆ అనుభవం ఒక కారణమని నా నమ్మకం.

ఈ గుమ్మమే పీర్ల పండుగలోనూ కనిపిస్తుంది. ఆదోని, కోసిగి, పెద్దకడబూరు వైపు పల్లెల్లో పీర్లచావిడి లేని ఊరు అరుదు. తురకల ఇళ్ళు రెండో మూడో ఉన్న ఊళ్ళో కూడా బోయలు, కురువలు, మాదిగలు పీర్లు ఎత్తుకుంటారు, గుండం చుట్టూ అలాయి ఆడతారు. వీళ్ళు తలచుకునేది ఏ యుద్ధాన్ని? క్రీ.శ. 680లో, ఇరాక్‌లోని కర్బలా మైదానంలో, ఒకే మతంవాళ్ళు, ఒకే ప్రవక్తను నమ్మినవాళ్ళు తమలో తాము చేసుకున్న యుద్ధాన్ని. ప్రవక్త మనవడు హుసేను, ఆయన వెంట డెబ్బైరెండు మంది. ఎదురుగా వేల సైన్యం. యూఫ్రటీసు నది కనిపిస్తూనే ఉంది. మూడు రోజులు నీళ్ళు ముట్టనివ్వలేదు. నీళ్ళకోసం పోయిన అబ్బాస్ తిరిగి రాలేదు. చంటిపిల్లవాడికి కూడా గుక్కెడు దక్కలేదు.

మా అవ్వ అక్షరం చదవలేదు. ఇరాక్ ఎక్కడుందో ఆమెకు తెలియదు. పీర్లు కదిలే రోజున గుండం పక్కన నిలబడి ఆమె ఏడ్చేది. గెలిచినవాడి పేరు ఆమెకు తెలియనే తెలియదు. యుద్ధం ఎలా జరిగిందో, ఎవరి కత్తి ఎంత పొడుగో ఆమెకు అక్కర్లేదు. "నీళ్ళన్నా ఇడ్సింటే!" అనేది. అంతే. ఆ మాట అనేసి, వచ్చినవాళ్ళకు పానకం ముంచి ఇచ్చేది. కర్బలాలో ఇవ్వని నీళ్ళు తన చేత్తో తను ఇస్తున్నట్టు.

ఆ మాట ఈ నేల మీద ఎందుకంత బరువైనదో తెలియాలంటే కాలువ చివరకు పోవాలి. తుంగభద్ర దిగువ కాలువ డ్యాం నుంచి బయల్దేరి సుమారు 250 కిలోమీటర్లు కర్ణాటకలో నడిచి మన హద్దు చేరుతుంది. కాగితం మీద మనకు లక్షన్నర ఎకరాల ఆయకట్టు. చివరి తూముల రైతులను అడగండి, నీళ్ళు ఎన్నేళ్ళకు ఒకసారి కనిపించాయో. తుంగభద్ర పక్కనే పారుతుంది. ఎండాకాలం మంత్రాలయం మీద నుంచి పోతుంటే నది ఇసుకా కనిపిస్తుంది, ఆ పక్కనే బిందెల వరుసా కనిపిస్తుంది. నది కనిపిస్తూ నీళ్ళు దక్కకపోవడం అంటే ఏమిటో ఈ జనానికి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. వాళ్ళు హుసేను కోసం ఏడవడం చూసి యుద్ధమోజు అనడానికి నోరెలా వస్తుంది?

నీళ్ళు లేనివాళ్ళు సుగ్గికి పోతారు. కోసిగి స్టేషన్లో మూటలు, గిన్నెలు, పిల్లలు, కోళ్ళు. పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయ కోతకు గుంటూరు, పల్నాడు దిక్కుకు. ఊళ్ళకు ఊళ్ళు తాళాలు వేసి పోతాయి, బడి మానేసిన పిల్లలతో సహా. ఇలా పోయినవాళ్ళు అక్కడ ఇంకొక ఇంటిపోరు కథను కలిశారు. కార్తీక అమావాస్య నాడు కారెంపూడిలో వీరుల ఉత్సవం మొదలవుతుంది. పన్నెండో శతాబ్దం చివరి పాదంలో, సవతి తల్లుల బిడ్డలైన నలగామరాజు, మలిదేవరాజు వర్గాల మధ్య నాగులేరు ఒడ్డున జరిగిన పల్నాటి యుద్ధం తాలూకు ఉత్సవం. ఐదు రోజులు. వాటి పేర్లు వరసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు.

ఈ వరసను ఒకసారి చూడండి. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ఒక ప్రాంతం తన అంతర్యుద్ధాన్ని తలుచుకుంటూ, ఐదు రోజుల్లో ఒక పూర్తి రోజును రాయబారానికి ఇచ్చింది. కోడిపందెంలో ఓడి ఏడేళ్ళు వలసపోయినవాళ్ళు గడువు తీరాక మాచర్ల మాకు ఇచ్చేయండి అని అడగడానికి అలరాజును పంపారు. అలరాజు ఎవరు? నలగామరాజుకు స్వయానా అల్లుడు. ఇంటి అల్లుణ్ణే దూతగా పంపితే విషం పెట్టి చంపారు. పేరిందేవి భర్త శవంతో పాటు చితి ఎక్కింది. పల్నాటి కథ చెప్పే వీరవిద్యావంతుల దగ్గర బాలచంద్రుడి శౌర్యానికి జనం ఉప్పొంగుతారు, నిజమే, కాదనను. కాని ఆ కథలో గుండె ఎక్కడ పగులుతుందో అలరాజు ఘట్టం విన్నవాళ్ళకు తెలుసు. మిరప కోతకు పోయి వచ్చిన మావాళ్ళలో ఒకామె ఆ కథ నాకు చెబుతూ, "అల్లుడనన్నా చూడకపాయె," అంది. ఇక్కడ ఐదూళ్ళు, అక్కడ గుక్కెడు నీళ్ళు, పల్నాట ఒక్క మాచర్ల.

ఇక ఎదుటివాళ్ళ సిద్ధాంతాన్ని వాళ్ళ కొలబద్దతోనే కొలుద్దాం. అన్నదమ్ములు కొట్టుకు చచ్చే కథ అంటే చాలు, ఈ జనం చెవి కోసుకుంటారని కదా అంటున్నారు? అయితే ఆదోని నేలతో ముడిపడి, చరిత్రలో నిజంగా జరిగిన అన్నదమ్ముల పోరు ఒకటి ఉంది. 1748లో నిజాముల్ముల్క్ అసఫ్‌జా చనిపోయాడు. గద్దె కోసం కొడుకు నాసిర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ తలపడ్డారు. 1750లో నాసిర్ జంగ్‌ను తనవైపు నవాబులే కుట్రచేసి చంపారు. రెండు నెలలు తిరగకుండా రాయచోటి దగ్గర ముజఫర్ జంగ్ చచ్చాడు. ఆ తరువాత గద్దె ఎక్కిన సలాబత్ జంగ్‌ను తమ్ముడు నిజాం అలీ ఖైదు చేశాడు, ఆ ఖైదులోనే అతని బతుకు ముగిసింది. ఇంకొక తమ్ముడు బసాలత్ జంగ్ వాటాకు వచ్చిన జాగీరు మన ఆదోని. 1782లో పోయేదాకా అతను దాన్ని ఏలాడు. నాలుగేళ్ళకు, 1786లో, టిప్పు సుల్తాను వచ్చి కోటను ముట్టడించి పట్టుకుని, గోడలు కూల్చాడు.

కుట్ర, ఖైదు, ముట్టడి, కూలిన కోట. నెత్తురుమోజు ఉన్నవాళ్ళకు ఇంతకు మించి ఏం కావాలి? కూలిన బురుజులు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి. అయినా ఆదోనిలో బసాలత్ జంగ్ మీద ఒక్క పదం పాడేవాళ్ళు లేరు. నాసిర్ జంగ్ కోసం ఏ ముసలామే కన్నీరు పెట్టలేదు. పల్లెల్లో ఆ పేర్లే తెలియవు. ఎందుకు? ఆ పోరులో ఎవరూ ఐదూళ్ళు అడగలేదు. అందరూ అంతా అడిగారు. గుమ్మం దగ్గర నిలబడి, ఇంతన్నా ఇవ్వండి చాలు అన్న మనిషి ఆ కథలో లేడు. అందుకని ఈ జనానికి అందులో చోటు లేదు. వాళ్ళు దాన్ని రాళ్ళకు వదిలేశారు. నెత్తురు సిద్ధాంతం ఈ మరుపుకు జవాబు చెప్పలేదు.

ఇంకొకదానికి కూడా అది జవాబు చెప్పలేదు. రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వెంకట కవులు గోదావరి సీమవాళ్ళు. వాటిని ఇంటింటి పాట చేసిన నటుల్లో ఎక్కువమంది కోస్తావాళ్ళు. తెనాలిలో, గుడివాడలో ఆ పద్యాలకు ఒన్స్‌మోర్ అంటే కళాభిమానం. అవే పద్యాలకు ఆదోనిలో ఒన్స్‌మోర్ అంటే రక్తగుణమా? 1953 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోవి. ఆ బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులను, కోలాచలం శ్రీనివాసరావును, బళ్ళారి రాఘవను ఇచ్చిన ఊరు. తెలుగు నాటకానికి పునాదిరాళ్ళు పడిన చోట్లలో ఒకటి. నాటకం చూడటం ఈ ప్రాంతానికి నాలుగైదు తరాల చదువు. ఆ చదువును నేరప్రవృత్తి కింద రాసేసుకోవడం ఎంత అన్యాయం!

ఈ రక్తగుణం మాట ఎక్కడ పుట్టిందో కూడా చూడాలి. 1800లో నిజాం ఈ నేలను కంపెనీకి దత్తం చేశాక కలెక్టరుగా వచ్చిన మన్రో, సుమారు 80 మంది పాలెగాళ్ళను లెక్కగట్టి, వాళ్ళ కోటలు పడగొట్టి, ఆయుధాలు తీయించి, శిస్తు స్థిరపరిచాడు. మన్రోకు ఈ జనం మీద ప్రేమ ఉండేదని చెప్పే కథలు చాలా ఉన్నాయి. 1827 జూలైలో పత్తికొండలో కలరాతో ఇక్కడే పోయాడు కూడా. కాని కొత్త ప్రభుత్వం తన రాకను సమర్థించుకోవాలంటే ముందున్నదంతా అరాచకమని రాసుకోక తప్పదు. శిస్తు వసూలు కోసం రాసిన ఆ బొమ్మను రెండు వందల ఏళ్ళ తర్వాత సినిమావాళ్ళు రంగులేసి మనకే అమ్మారు.

దేవరగట్టు గురించి దాటవేయను. హొళగుంద మండలంలో ఆ కొండ కింద దసరా రాత్రి కర్రలు లేస్తాయి, తలలు పగులుతాయి, కొన్నేళ్ళు ప్రాణాలూ పోయాయి. ఒక్క తల పగలడం కూడా నాకు ఇష్టం లేదు. కర్రలకు కట్టిన ఇనుప చుట్లు పోవాలి, తాగి వచ్చేవాళ్ళను ఆపాలి, గాయపడినవాణ్ణి వెంటనే ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు ఇంకా మెరుగు కావాలి. ఇందులో నాకూ పోలీసులకూ తేడా లేదు. కాని టీవీలో చూపేది అర్ధరాత్రి తర్వాతి భాగం. దానికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు కలిసి పాలబాస చేస్తారు. కులాలు వేరు, తగాదాలు వేరు. పాలు ముట్టుకుని, మన మధ్య కక్షలు లేవు, స్వామి ఉత్సవం అయ్యేదాకా ఒక్కటిగా ఉంటాం అని ఒట్టు పెట్టుకుంటారు. మాళమల్లేశ్వరుడు మణి, మల్లాసురులను చంపిన కథ అది. ఉత్సవమూర్తి మా వైపు అంటే మా వైపు అని లాక్కోవడం. తెల్లారి కార్ణీకం చెబుతారు, ఈ ఏడు వానలు ఎట్లా, పంట ధర ఎట్లా అని. ఆ కార్ణీకం వినకుండా వెళ్ళే రైతు ఉండడు. పాలబాసను, కార్ణీకాన్ని కత్తిరించి మధ్యలో మిగిలిన నెత్తుటిని మాత్రం దేశానికి చూపిస్తే, ఆ నెత్తురు ఈ జనం స్వభావమని దేశం నమ్మకేం చేస్తుంది?

మంచి మనసున్నవాళ్ళు ఇంకొక మాట అంటారు. స్వభావం సంగతి సరే, పాత ఇంటిపోర్లు తవ్వుకోవడం ఎందుకు, మరిచిపోతే పోలేదా అని. దీనికి జవాబు స్పెయిన్ దేశంలో ఉంది. 1936 నుంచి 1939 దాకా ఆ దేశం తనలో తాను యుద్ధం చేసుకుంది. నియంత ఫ్రాంకో పోయాక, 1977లో అందరినీ క్షమించే చట్టం చేసి, ఇక ఆ మాట ఎత్తొద్దని పెద్దలు అనుకున్నారు. ముప్పై ఏళ్ళకు, 2007లో, ఆ జ్ఞాపకం కోసమే ఇంకొక చట్టం చేయాల్సి వచ్చింది. మనవలు, మనవరాళ్ళు రోడ్డు పక్క గుంతలు తవ్వించి తాతల ఎముకలు ఏరుకున్నారు. పెద్దలు వద్దన్నంత మాత్రాన చచ్చినవాళ్ళు ఇంటివాళ్ళ మనసులోంచి పోలేదు.

అమెరికాది వేరే పాఠం, దానికి ఆదోనితో ఒక పోగు సంబంధం కూడా ఉంది. 1861లో అక్కడ ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు తలపడి, దక్షిణాది రేవులు మూతపడితే, ఇంగ్లండు మిల్లులకు పత్తి లేకుండా పోయింది. అప్పుడు మన దూది ధర చుక్కలనంటింది. మా బళ్ళారి, ఆదోని దిక్కు పత్తికి వర్తకంలో 'వెస్టర్న్స్' అని పేరు. జొన్న విత్తే నల్లరేగడిలో పత్తి విత్తారు. 1865లో వాళ్ళ యుద్ధం ఆగింది, ఇక్కడ ధర కూలింది. పదేళ్ళు దాటగానే వచ్చిన ధాత కరువులో ఈ జిల్లాలు లెక్కలేనంతమంది మనుషులను పోగొట్టుకున్నాయి. ఆరు లక్షలకు మించి జనం చచ్చిన ఆ యుద్ధాన్ని అమెరికావాళ్ళు ఇప్పటికీ మరవలేదు. వేషాలు వేసుకుని, ఆ మైదానాల్లోనే మళ్ళీ ఆడి చూపిస్తారు. అయితే ఓడినవైపు వాళ్ళు యుద్ధం ముగిసి ముప్పై, నలభై ఏళ్ళు గడిచాక కూడళ్ళలో సేనాపతుల విగ్రహాలు పెట్టి, గుర్రాలను, కత్తులను గుర్తుపెట్టుకున్నారు. బానిసలు అడిగిన స్వేచ్ఛను కథలోంచి తీసేశారు. ఆ జ్ఞాపకం విషమైంది ఆ కోత వల్ల. గుర్తుపెట్టుకోవడం ప్రమాదమని దాన్నిబట్టి అనలేం. అడిగినవాణ్ణి కథలోంచి తీసేస్తే ప్రమాదం.

మన సినిమాలు చేసింది సరిగ్గా ఆ పనే. 1999లో 'సమరసింహారెడ్డి', తర్వాత 'నరసింహనాయుడు', 'ఇంద్ర'. అవి ఆదోని థియేటర్లలోనూ నిండాయి, ఈలలూ పడ్డాయి, ఆ ఈలల్లో నావీ ఉన్నాయి. వాటిలో కత్తి ఉంది, సుమో ఉంది, పగ ఉంది, పగ తీరడం ఉంది. పెద్దమనిషి గుమ్మంలో నిలబడి ఇంతన్నా ఇవ్వండి అనే ఘట్టాన్ని అవి మనసుకు పట్టించవు. ఉన్నా అది పిరికితనం కింద పోతుంది. పద్యనాటకంలో అడిగినవాడు దేవుడు. ఫ్యాక్షన్ సినిమాలో అడిగినవాడు చేతకానివాడు. పిల్లల మీద దేని ప్రభావం ఎలా ఉంటుందోనని నిజంగా భయముంటే, ఆ అధికారి ఈ రెంటిలో దేన్ని ఆపాలి?

మా ఊరి జాతరకు హరిశ్చంద్ర ఆడారు. బాగానే ఆడారు, కాటిసీను రక్తి కట్టింది. అర్ధరాత్రి దాటాక, చంద్రమతి పాత్రధారి ఊపిరి తీసుకుంటున్న విరామంలో, జనంలోంచి ఎవరో గట్టిగా అడిగారు, "ఒక్క రాయబారం పద్యమన్నా పాడించండప్పా!" అని. నిర్వాహకులు నా మొహం చూశారు. నేను బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ మొహం చూశాను. పడమటి కర్నూలు మనిషే, నా ఈడువాడు. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, "పాడించన్నా," అన్నాడు. హార్మోనియం ఆయన శ్రుతి అందుకున్నాడు. చాపలు చుట్టుకుంటున్నవాళ్ళు మళ్ళీ పరిచారు. ఊళ్ళో రెండు పార్టీలవాళ్ళూ ఉన్నారు, చెరొక పక్క. పద్యం మూడుసార్లు పాడించారు, మూడోసారి అడిగింది ఏ పక్కవాళ్ళో నాకు తెలియలేదు.